అక్షరాలకు కాపలా కాశాను

పిల్లల చేతుల్లోంచి పాటల నోటుపుస్తకాలు లాక్కున్నాను. గోవింద్‌పూర్‌లోని మా చిన్న తెలుగు సంఘంలో, ఒక ఆదివారం, ఆరాధన మొదలయ్యే ముందు, అందరూ చూస్తుండగా. అప్పుడు నేను సంఘ కార్యదర్శిని. దేవుని కోసమూ తెలుగు కోసమూ ఆ పని చేస్తున్నానని మనసారా నమ్మాను. ఆ నమ్మకమే నా తెలివితక్కువతనం. దాని ఫలితం ఎవరెవరు అనుభవించారో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

జంషెడ్‌పూర్‌లో ఇంతమంది తెలుగువాళ్లేమిటని ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. 1907లో టాటా ఇనుము కంపెనీ పెట్టారు, 1912లో తొలి ఉక్కు తీశారు. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఆ కొలిమి పనికి శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి మనవాళ్లు వచ్చారు. 1945లో టాటావాళ్ల టెల్కో ఫ్యాక్టరీ మొదలయ్యాక ఇంకా వచ్చారు. మా నాన్న అలా వచ్చినవాడే. కంపెనీ క్వార్టరు ఉద్యోగం ఉన్నన్నాళ్లే. రిటైరైతే ఖాళీ చెయ్యాలి. ఊరికి పోదామంటే అక్కడ సెంటు భూమి లేదు. అందుకని టెల్కోకి ఆనుకుని, కంపెనీ లీజు హద్దుకు బయట ఉన్న గోవింద్‌పూర్‌లో కాస్త జాగా కొనుక్కుని రెండు గదులు వేసుకున్నవాళ్లు ఎందరో. మా సంఘం అలాంటి ఇళ్ల మధ్య పుట్టింది. రేకుల కప్పు, ఒక హార్మోనియం, ఒక డోలక్. ఎక్కువమంది తాతముత్తాతలు కెనడా బాప్టిస్టు మిషన్ వల్ల విశ్వాసంలోకి వచ్చినవాళ్లు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన ఆ మిషన్ తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి దాకా వెళ్లింది. మా పెద్దవాళ్లు బండిలో తెచ్చుకున్న సామానులో ఒక బైబిలు, ఒక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తప్పకుండా ఉండేవి.

చిన్నప్పుడు నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచి టెక్కలి వైపు బడిలో కొన్నేళ్లు చదివించారు. అందుకే మా ఈడువాళ్లలో తెలుగు తడుముకోకుండా చదవగలిగేది నేనొక్కణ్ణే. పాస్టరుగారు వాక్యపఠనం ఎప్పుడూ నాకే ఇచ్చేవారు. నేను యెషయా గ్రంథం చదువుతుంటే పెద్దవాళ్లు కళ్లు మూసుకుని తల ఊపేవారు. ఆ తల ఊపడం నాకు ఎంత ఇష్టమో అప్పుడు నాకు తెలియదు.

నా స్నేహితుడు ఇక్కడే పుట్టి పెరిగాడు. మేం చుట్టాలం కాము కానీ చిన్నప్పటి నుంచి ‘బావా’ అంటే ‘బావా’ అనుకునేవాళ్లం. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని. చదివింది హిందీ బడిలో. శ్రీకాకుళం మాట నోటి నిండా మాట్లాడతాడు, డోలక్ పట్టుకుంటే సంఘమంతా గొంతు కలుపుతుంది, కానీ తెలుగు అక్షరం ఒక్కటి చదవలేడు.

శనివారం సాయంత్రం అతను పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరేవాడు. గోవింద్‌పూర్‌లో కుళాయి నీళ్లు రాకముందు ఇంటింటికీ చాపాకలే, అంటే చేతిపంపే దిక్కు. ఆ పిడి కొట్టి బకెట్టు నింపుకోవడం ముసలివాళ్లకు నరకం. పిల్లలు వెళ్లి డ్రమ్ము నింపేవారు. తర్వాత మంచం చుట్టూ కూర్చుని ఒక కీర్తన పాడేవారు, ఎవరో ఒకరు చిన్న ప్రార్థన చేసేవారు. అతను ఈలోగా మందుల చీటీ చూసేవాడు, పింఛను కాగితం నింపేవాడు, ఊళ్లో ఉన్న కొడుక్కి ఫోను కలిపి ఇచ్చేవాడు. టాటా మెయిన్ హాస్పిటల్‌లో మావాళ్లెవరైనా ఉంటే రాత్రి తోడు పడుకునేది అతనే. దీనికి సంఘంలో పేరు లేదు, రిజిస్టరు లేదు. లెక్కల మనిషిని కావడం వల్ల (సాక్చీలో ఒక దుకాణంలో పద్దులు రాస్తాను) రిజిస్టరులో లేనిది నా కంటికి ఆనేది కాదు.

ఆ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది హిందీ, ఇంగ్లీషు. కీర్తనల పుస్తకం చేతికిస్తే తెల్లబోతారు. అందుకని అతను పాటల్ని నాగరి అక్షరాల్లో రాసిచ్చేవాడు. అందులో అతను పడ్డ తంటా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. హిందీలో మన పొట్టి ‘ఎ’, పొట్టి ‘ఒ’ రాయడానికి వీలుండదు. పిల్లలు అన్నిటినీ సాగదీసేస్తారు. అందుకని పొట్టిగా పలకాల్సిన చోట అక్షరం నెత్తిన ఎర్ర సిరాతో చుక్క పెట్టాడు. హిందీ చదువుకున్న నోరు మాట చివరి ‘అ’కారాన్ని మింగేస్తుంది. ‘మహిమ’ అని రాస్తే ‘మహిమ్’ అంటుంది. చివరి అక్షరం నిండుగా పలకాలని దాని కింద గీత గీశాడు. ఎక్కడా నేర్చుకోకుండా, పిల్లలు తప్పు పలికిన ప్రతిచోటా ఆగి, విని, ఒక్కొక్క గుర్తూ కల్పించుకున్నాడు.

నాకు మాత్రం అది అపచారంలా తోచింది. సంఘ పెద్దల కూటంలో లేచి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డిగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి ముందుగా తెలుగు నేర్చుకున్నారనీ, ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగు చేశారనీ, అవి 1812లో ఎక్కడో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయనీ చెప్పాను. పరాయి దేశం వాళ్లే మన అక్షరాలు నేర్చుకుంటే మన పిల్లలు నేర్చుకోలేరా అన్నాను. లిపి పోతే భాష పోతుంది, భాష పోతే మన సంఘమే పోతుంది అన్నాను. ఆరాధనలో అచ్చు కీర్తనల పుస్తకం తప్ప మరేదీ వాడకూడదని తీర్మానం పెట్టాను.

అతను ఒక్కటే అడిగాడు. “పక్క బస్తీలో సంతాలీ సంఘం వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుకుంటారు కదా బావా, వాళ్ల సంతాలీ పోయిందా?”

వాళ్లకు లిపి లేదు కాబట్టి అలా చేస్తున్నారు, మన సంగతి వేరు అన్నాను. చరిత్ర చెప్పి గెలవాలని లేచినవాణ్ణి, ఇరుగుపొరుగు చరిత్ర ఎరగను. 1867లో బెనగరియాలో మిషన్ పెట్టిన స్క్రెఫ్‌స్రుడ్ కాలం నుంచీ సంతాలీ క్రైస్తవుల పుస్తకాలు రోమన్ అక్షరాల్లో వస్తున్నాయి. 1925లో, మా జిల్లాకు ఆనుకుని ఉన్న మయూర్‌భంజ్‌కు చెందిన రఘునాథ్ ముర్ము ఓల్ చికీ లిపిని తయారుచేశాడు. ఓల్ చికీ, రోమన్, నాగరి, బెంగాలీ, ఒడియా అక్షరాల్లో రాస్తూనే సంతాలీవాళ్లు తమ భాషను నిలబెట్టుకున్నారు. 2003లో అది రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోకి ఎక్కింది. ఇదంతా నా వీధి చివర జరిగిన చరిత్ర.

పెద్దలు నా చదువును గౌరవించి తీర్మానం ఒప్పుకున్నారు. ఆ తర్వాతి ఆదివారమే నోటుపుస్తకాలు తీసుకున్నాను. ఒకమ్మాయి తన పుస్తకం వెనక దాచుకుంది. చెయ్యి చాచి నిలబడ్డాను, ఇచ్చేదాకా. అన్నీ కలిపి గుడి బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆదివారం మధ్యాహ్నాలు అ ఆలు నేర్పడం మొదలుపెట్టాను. మొదట్లో పిల్లలు బాగానే వచ్చారు. గుణింతాలు తప్పితే కసిరేవాణ్ణి. పరీక్షలన్నారు, ట్యూషన్లన్నారు, ఒక్కొక్కరే మానేశారు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని పాస్టరుగారితో చెప్పాను. పెద్ద పిల్లలు కొందరు హిందీలో జరిగే వేరే కూటాలకు వెళ్లారు, కొందరు ఎక్కడికీ వెళ్లడం మానేశారు.

అతను గుడి మానలేదు. వెనక బెంచీకి మారాడు. నన్ను ‘సెక్రటరీగారూ’ అనడం, ‘మీరు’ అనడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లు ఒక్కడే శనివారం ఇళ్లు తిరిగాడు. తర్వాత ఫ్యాక్టరీలో బి షిఫ్టు పడింది. మామూలుగా అయితే అతను లేకపోయినా పిల్లలు వెళ్లేవారు. పాట ఉంది కాబట్టి వెళ్లేవారు. పాట తీసేశాక ముసలివాళ్ల ఇంటికి వెళ్లి ఏం చెయ్యాలో వాళ్లకు తోచలేదు. శనివారాలు ఆగిపోయాయి. నేను గమనించలేదు. ఆ ఏడు సంవత్సరాంతపు నివేదికలో ‘పరిచర్య’ అనే శీర్షిక కింద నా అక్షరాల తరగతి గురించి రాసుకున్నాను.

ఆ కాలంలోనే ఒంటరిగా ఉండే పెద్దాయన ఒకడు రాత్రి పూట పోయాడు. తెల్లారాక పాలవాడు చూసి చెప్పాడు. శనివారాలు నడిచినా ఆ రాత్రి ఆయన బతికేవాడని నేను అనలేను. కానీ ఆయన ఆఖరి నెలల్లో మా సంఘం నుంచి ఆ గుమ్మం తొక్కినవాడు లేడు. భూస్థాపన దగ్గర కీర్తన ఎత్తుకున్నది నేనే, అచ్చు పుస్తకం చూసి.

అప్పటికీ నాకు తెలియలేదు. గుడికి రాలేని ఒక ముసలమ్మకు ఇంటి దగ్గరే ప్రభు బల్ల ఇవ్వడానికి పాస్టరుగారితో వెళ్లిన రోజు తెలిసింది. పాస్టరుగారు చెయ్యి కడుక్కోవడానికి నీళ్లడిగితే డ్రమ్ములో అడుగున చెంబెడు కూడా లేవు. నేను బకెట్టు తీసుకుని చాపాకల్ దగ్గరకు వెళ్లి వచ్చాను. ప్రార్థన అయ్యాక ఆవిడ అడిగింది.

“పిల్లలేరి బాబూ? శనోరం శనోరం వొచ్చీవోరు. ఇప్పుడు రారేటి?”

తెలుగు చదవడం నేర్చుకుంటున్నారమ్మా, అక్షరాలొచ్చాక మళ్లీ వస్తారు అన్నాను.

“మీ యమ్మకి అచ్చరాలొచ్చా నాయినా?” అంది. కోపం లేదు, నిజంగానే అడిగింది. “పాటలన్నీ నోటికొచ్చీవి కాదా? ఆ పుస్తకాల్లోవి మీ యమ్మ సెప్పినవే. ఆయమ్మ మంచాన పడి పాడతంటే ఆడు పక్కన కూకుని రాసుకున్నాడు.”

మా అమ్మకు వేలిముద్రే. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు చరణాలతో సహా ఆవిడకు నోటికి వచ్చు. తన తల్లి పాడగా నేర్చుకుంది. నాకు విశ్వాసమంటూ ఉంటే, అది అన్నం కలుపుతూ ఆవిడ తీసిన రాగాల్లోంచే వచ్చింది. ఒక్క అక్షరం రాని మనిషి నన్ను ప్రభువు దగ్గరకు నడిపించిందని ఎరిగి కూడా, అక్షరం లేకపోతే విశ్వాసం లేదని సంఘంలో తీర్మానం చేయించాను. ఈ రెండూ నా తలలోనే ఉన్నాయి. ఎన్నడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు. ఆవిడ చివరి ఏడాది, నేను సాక్చీలో పద్దులు రాస్తున్న వేళల్లో, అతను వచ్చి కూర్చుని ఆవిడ గొంతులోని పాటల్ని తనకు వచ్చిన అక్షరాల్లో దాచాడు. నేను వాటికి తాళం వేశాను.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీశాను. సంఘానికి ఎన్నోసార్లు చదివి వినిపించిన అధ్యాయమే. యెరూషలేములో అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రు వెనకబడిపోయారు. సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగుడిని తప్పుపట్టలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఏ భాషవాళ్లకు అన్యాయం జరిగిందో ఆ భాషవాళ్ల చేతికే బల్ల దగ్గరి పని అప్పగించారు. నా ఎదుట విధవరాండ్రున్నారు, వాళ్ల డ్రమ్ము నింపే పిల్లలున్నారు, ఆ పిల్లలకు వచ్చిన అక్షరాల్లో రాయగల మనిషి ఉన్నాడు. అపొస్తలులు ఎవరికి పని ఇచ్చారో సరిగ్గా అలాంటివాడి చేతిలోంచి నేను పని లాగేశాను.

ఇంకొక మాట చెప్పకపోతే ఇదంతా సగం అబద్ధమవుతుంది. నాది భాష మీద ప్రేమే అయితే అతనికి తెలుగు నేర్పి ఉండేవాణ్ణి. ముప్ఫై ఏళ్లు దాటిన స్నేహంలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అతను చదవలేకపోవడం నాకు సుఖంగా ఉండేది. నాగరిలో రాసిన పాటలతో పిల్లలు నిండుగా పాడుతుంటే, నాకు దక్కే తల ఊపులు ఇక ఎవరికీ అక్కర్లేదని భయపడ్డాను. భాషాభిమానమని నేను పెట్టుకున్న పేరు కింద ఉన్నది అసూయ.

షిఫ్టు దిగి అతను ఇల్లు చేరే వేళకు వెళ్లాను. చెప్పాల్సింది చెప్పాను, అమ్మ సంగతితో సహా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఆ ముసలమ్మ గురించే. “డ్రమ్ము నింపారా?”

నింపానన్నాను. “రోజూ నింపాలి, ఆవిడకి మోకాళ్లు లెగవ్వు” అన్నాడు.

సంఘం ఎదుట నా తప్పు ఒప్పుకున్నాను. తీర్మానం తీసేశారు, బీరువా తెరిచారు. చివరి అక్షరాల కింద గీసిన ఆ గీతలు వేలితో తడుముతూ పాడితే మా అమ్మ ఊపిరి ఎక్కడ నిలిపేదో అక్కడే నిలుస్తుంది పాట. అతను వాటిని అలా విని రాశాడు. ఇప్పుడు శనివారాలు మళ్లీ నడుస్తున్నాయి, మునుపటి కంటే తక్కువమందితో. కార్యదర్శి పని వేరేవాళ్లకు ఇచ్చేశాను. తెలుగు చదవాలని తమంతట తామే అడిగిన ఇద్దరు అమ్మాయిలకు నేర్పుతున్నాను, కసరకుండా. అతనికి కూడా నేర్పనా అని అడిగాను. “చూద్దాం లెండి” అన్నాడు. క్షమించాడని నాకు తెలుసు. కష్టం వస్తే ముందు వచ్చేది ఇప్పటికీ అతనే. కానీ ‘మీరు’ మాత్రం పోలేదు. అడిగి మార్పించుకునేది కాదది.

వెళ్లిపోయిన పిల్లల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్తున్నాను. హిందీ కూటాల్లో కుదురుకున్నవాళ్లను రమ్మని అడగడం లేదు, క్షమాపణ అడిగి వస్తున్నాను. ఒకబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, ఫోనులో మర్యాదగా మాట్లాడాడు. పుస్తకం వెనక దాచుకున్న అమ్మాయికి పెళ్లయింది, బారీడీలో ఉంటుంది. ఆవిడ పుస్తకం నా దగ్గరే ఉంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లి ఇచ్చి రావాలి.