ట్రాలీకి క్యాబినెట్ హోదా

రోడ్డు భద్రత పేరిట ఈ వారం కూడా హైవే పక్కన ట్రాక్టర్లు ఆపారు. ట్రాలీల వెనక రేడియం స్టిక్కర్లు అంటించి, అంటించిన చెయ్యి తీయకుండానే ఫొటో దిగి, రాత్రి ప్రమాదాలకు ఇక అడ్డుకట్టేనని సెలవిచ్చారు. సంతోషం. కాకపోతే ట్రాలీ వెనక వెలగాల్సిన ఎర్రలైటు ఊసు మాత్రం ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. దీనికి కారణం ఒక్కటే అయ్యుండాలి. 2017 మే 1 నుంచి వీఐపీల కార్ల నెత్తిన ఎర్రబుగ్గ ఉండకూడదన్నారు కదా, మనవాళ్లు ఆ ఉత్సాహంలో ట్రాలీల బుగ్గలు కూడా పీకేసి ఉంటారు. అంతకుముందు మాత్రం ఉన్నాయా అని అడక్కండి. ఉత్తర్వు రాకముందే అమలు చేసెయ్యడం మన యంత్రాంగానికి ఎప్పుడైనా ఒకసారి సాధ్యమే.

కాబట్టి ట్రాలీకి క్యాబినెట్ హోదా ఇస్తూ తక్షణం జీవో తేవాలి. సలహాదారులకు ఇవ్వగా లేనిది, ఊరి ధాన్యమంతా మోసేదానికి ఇస్తే తప్పేమిటి? పైలట్ వాహనం ఖర్చు కూడా లేదు, ముందు ట్రాక్టరే ఉంది. వెనక ఎస్కార్టుగా, తనకే తెలియకుండా, ఓ బైకువాడు వస్తూనే ఉంటాడు. మంత్రులకే బుగ్గ పోయాక హోదా ఇచ్చి ఏం లాభమని న్యాయశాఖ కొర్రీ వేస్తే, అంబులెన్సుల కోటాలో ఇవ్వండి. గుద్దుకున్నాక ఆ బైకువాణ్ని ఆసుపత్రికి చేర్చేది చాలాసార్లు ఆ ట్రాలీయేగా!

నిజానికి జీవో అక్కర్లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది చూస్తే చాలు. పొద్దుగూకిన అరగంట నుంచి వెనక ఎర్రలైటు వెలగాలి, అది 155 మీటర్ల దూరానికి కనబడాలి. గంటకు 20 కిలోమీటర్లతో పోయే ట్రాక్టర్ వెనక 80తో వచ్చేవాడికి ఆ దూరం తొమ్మిది సెకన్ల ఆయుష్షు. దుమ్ము పట్టి, పైనుంచి గడ్డి వేలాడుతున్న స్టిక్కరు నలభై మీటర్లలో మెరిస్తే మిగిలేది రెండున్నర సెకన్లు. స్టిక్కరు వద్దని కాదు, అదీ ఉండాల్సిందే. కానీ దానికి సొంత వెలుగు లేదు, గుద్దబోయేవాడి లైటే దానికి అరువు. ముందువాడు బ్రేకు తొక్కాడో, కుడికి తిరుగుతున్నాడో అది చెప్పలేదు. ఆ సంగతులు చెప్పడానికే ట్రాక్టర్ వెనక ఏడు పిన్నుల సాకెట్ ఉంటుంది: ఒకటో పిన్ను ఎడమ ఇండికేటరుకు, నాలుగోది కుడికి, ఆరోది బ్రేకుకు, మూడోది ఎర్తుకు. ఆ ఎర్త్ తీగ వెయ్యకుండా తుప్పు పట్టిన కొక్కెం మీద భారం వేస్తే, బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ మిణుకుమంటుంది.

రైతు మీద ఇంకో ఖర్చా అంటారు. లక్షలు పోసి కొన్న బండికి నాలుగు తీగలూ రెండు లైట్లూ భారమా? పొలంలో తెగిపోతాయంటారు. నిజమే, తెగుతాయి. అందుకే రోడ్డెక్కే ముందు తగిలించి, చేలోకి దిగేటప్పుడు ఊడదీసుకునే లైట్ల పలక పెట్టుకోవచ్చు. అయినా సీటు వెనక స్పీకర్లకు వేసిన వైరింగ్ ఎంత ముచ్చటగా ఉంటుందో చూడండి, దుక్కి దున్నినా పాట ఆగదు. పాటకు దొరికిన తీగ బ్రేకు లైటుకు ఎందుకు దొరకదు? అడిగేవాడు లేక.

అడగాల్సినవాళ్లు మర్నాడొచ్చి, టేపు పట్టి కొలిచి, ‘ముందు వెళుతున్న ట్రాక్టర్‌ను గమనించక ఢీకొట్టాడు’ అని రాసుకుపోతారు. గమనించడానికి అక్కడ ఏం పెట్టించారయ్యా మీరు? మిర్చి బస్తాల మీద టిఫిన్ క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కూలి ఆడవాళ్లూ, హెల్మెట్ పెట్టుకుని మరీ పోయిన కుర్రాడూ మీ కంటికి కనబడేది ఎక్స్‌గ్రేషియా జాబితాలోనేనా? స్టిక్కరు అంటించిన ఆ చేతికి జానెడు దూరంలోనే ఉంది సాకెట్. దాని మూత తెరిచి చూడాలని ఫొటోలో ఉన్న ఒక్కరికీ తోచలేదు.