ఛాసిస్ బావ

పెళ్ళికి వెళ్ళినవాళ్ళు పెళ్ళికూతురి నగలు చూస్తారు, మగపెళ్ళివారి అలకలు చూస్తారు, భోజనాల్లో ఎన్నిరకాల స్వీట్లు వేశారో చూస్తారు. మా పెద్దబావ పార్కింగు చూస్తాడు. అక్షింతలు వేసే వేళకి ఆయన కళ్యాణమండపం బయట ఎవరిదో కొత్త బండి కింద తలకాయ పెట్టి ఉంటాడు. పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, ఎడమచెయ్యి నేలకి ఆనించి, కుడిచేత్తో కళ్ళజోడు జారిపోకుండా పట్టుకుని, ముందు నుంచి వెనకదాకా ఒకసారి చూపు పోనిస్తాడు. లేచి చేతులు దులుపుకుని, ఎవరూ అడక్కుండానే తీర్పు చెప్పేస్తాడు.

"ఛాసిస్ లేదు."

బండి ఓనరు పక్కనే ఉంటే వాడి గుండె జారిపోతుంది. షోరూములో ఉన్నది రాత్రికి రాత్రి ఎవడు విప్పుకుపోయాడోనని పాపం వాడూ వంగి చూస్తాడు.

ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటాడు. ఎప్పుడో ఒక పెద్ద బండి కొని, ఆ తరవాత లోకంలోకి వచ్చిన బళ్ళన్నిటినీ దాని ముందు నిలబెట్టి ఓడించడమే పనిగా పెట్టుకున్నవాడు. కొందరికి ఆ బండి సుమో, కొందరికి మొదటి స్కార్పియో, ఇంకొందరికి వెనకడోరుకి స్టెప్నీ తగిలించుకున్న పాత సఫారీ. మా బావకి 2003 మోడల్ క్వాలిస్. పదిహేనేళ్ళు నిండాక 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి "ఇంకా ఉంచారా?" అన్నాడట. అది మెచ్చుకోలని మా బావ ఇప్పటికీ పదిమందికీ చెప్పుకుంటాడు.

చరిత్ర అడిగితే మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. అడక్కపోయినా అంతే. 1991లో టాటా సియెర్రా, మూడే డోర్లు, వెనకవాళ్ళకి పైకప్పు దాకా వంగిన అద్దాలు, అవి తెరుచుకోవు. 1992లో ఎస్టేట్. ఆ రెండూ పికప్ వ్యాను ఛాసిస్ మీద పుట్టినవే. 1994లో సుమో, 1998లో సఫారీ, 2000లో బొలెరో, క్వాలిస్, 2002లో స్కార్పియో. తడుముకోకుండా చెబుతాడు. తన పెళ్ళిరోజు మాత్రం ఏటా నేను ఫోన్ చేసి గుర్తుచేయాలి, లేకపోతే ఆ పూట మా అక్కయ్య వంట చెయ్యదు.

ఆయన సిద్ధాంతం చిన్నదే. అసలైన పెద్దబండి అంటే కింద లారీకి ఉన్నట్టే రెండు పొడవాటి ఇనపదూలాలు, వాటిమధ్య అడ్డకమ్మీలు ఉండాలి. ఆ చట్రం మీద బాడీని బోల్టులతో బిగించాలి. ఇంజను బలం వెనకచక్రాలకి వెళ్ళాలి. వెనక కమాను పట్టీలుంటే మరీ మంచిది. ఇప్పటి బళ్ళలో ఎక్కువభాగానికి ఆ చట్రమే వేరుగా ఉండదు, బాడీయే చట్రం. ముందుచక్రాలే లాగుతాయి. "అంటే ఇవి కార్లురా! జీపు మొహం తొడుక్కున్న కార్లు!" అని మా బావ ఆవేదన.

ఆ ఆవేదనకి లోకం కూడా నిప్పు రాజేస్తూనే ఉంది. 2005లో క్వాలిస్ ఆపేసి ఇన్నోవా తెచ్చినప్పుడు ఆయన సరిగ్గా అన్నం తినలేదట. ఇన్నోవాకీ చట్రం ఉందని తెలిశాక కాస్త కుదుటపడ్డాడు. 2021లో సఫారీ పేరు మళ్ళీ వస్తోందంటే పొంగిపోయాడు. చూస్తే అది చట్రం లేనిదే, ముందుచక్రాలదే, ఫోర్‌వీల్ డ్రైవు డబ్బులిస్తానన్నా దొరకదు. "పులుల అడవిలోకి వెళ్ళాల్సిన పేరు పెట్టి మాల్ మెట్లదాకా వెళ్ళే బండి చేశారు" అని రెండు వారాలు కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. 2022లో ఇన్నోవా హైక్రాస్ కూడా అదే దారి పట్టింది. ఆ దెబ్బ నుంచి ఆయనింకా తేరుకోలేదు.

ఆ హైక్రాస్‌లోనే ఒకసారి అన్నవరం వెళ్ళాం. మా పినతండ్రి కొడుకుది, పెట్రోలుకి తోడు బ్యాటరీ కూడా ఉన్నది. బావని మర్యాదగా ముందుసీట్లో కూర్చోబెట్టారు. బెల్టు పెట్టుకుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి విసుగ్గా, "ఇంకా ఎవరైనా రావాలా? స్టార్టు చెయ్యరేం?" అన్నాడు.

"వీధి మలుపు తిరిగేశాం బావగారూ" అన్నాను.

కళ్ళు తెరిచి చూసి, కాసేపు మాట్లాడలేదు. కొండ దిగేటప్పుడు అన్నాడు, "శబ్దం లేకపోతే బండి బాగుందో, ఒంట్లో బాలేదో ఎలా తెలుస్తుందిరా?" క్వాలిస్‌లో ఆ ఇబ్బంది లేదు. దాని 2.4 లీటర్ల డీజిలు ఇంజను ఆరోగ్యం మూడో వీధివాళ్ళకి కూడా తెలుస్తుంది. టర్బో లేదు, ఉన్నది 75 గుర్రాల బలం. మారేడుమిల్లి ఘాట్‌లో మమ్మల్ని కర్రల లారీలు కూడా దాటేసేవి. "వేడెక్కకుండా పోనిస్తున్నా" అనేవాడు బావ, ఆ మాట కూడా గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చేది.

అసలు కథ కిందటేడు మొదలైంది. ఆయన కొడుకు, అంటే నా మేనల్లుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ కొత్త బండి కొన్నాడు. చూడ్డానికి కండలు తిరిగి ఉంటుంది కానీ పొడవు 4 మీటర్ల లోపు. ఏ కంపెనీయో చెప్పను, ఆ ఇంట్లో నాకింకా రాకపోకలున్నాయి. వాడు కొబ్బరికాయ కొట్టించడానికి ఇంటికి తెచ్చేసరికి మా బావ వడ్రంగి టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను వెనకబంపరు దగ్గర టేపుకొస పట్టుకోమన్నాడు.

"3995 మిల్లీమీటర్లు! చూశావా? ఇంకో అంగుళం పెడితే వాడి సొమ్మేం పోయింది?"

"పన్ను పోతుంది నాన్నా" అన్నాడు మావాడు.

అది నిజం. 2006 బడ్జెట్‌లో చిన్నకార్లకి సుంకం తగ్గించినప్పుడు 4 మీటర్ల గీత గీశారు. పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదన్నారు. ఆ గీత జీఎస్టీలోకీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి గీత లోపల ఉంటే 18 శాతం, దాటితే 40 శాతం. అందుకే మన దేశంలో ఇన్ని బళ్ళు గీతకి అయిదు మిల్లీమీటర్లు ఇవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి. ఇంజన్లు చిన్నవయ్యి మూడు సిలిండర్లకి రావడం వెనకా ఈ లెక్కే ఉంది. మా బావకి ఈ సంగతులన్నీ నాకంటే బాగా తెలుసు. తెలిసే అడుగుతాడు.

"ఎన్ని సిలిండర్లు?"

"మూడు. టర్బో ఉంది. 120 హార్స్ పవర్ నాన్నా, మన క్వాలిస్ కంటే ఎక్కువ."

"ఆటోకి ఒకటి, దీనికి మూడు. మూడు ఆటోల పెట్టన్నమాట."

తరవాత సన్‌రూఫ్ చూపించాడు వాడు. "పైకప్పుకి చిల్లు పెట్టించుకోవడానికి ఎదురు డబ్బిచ్చావా?" అన్నాడు. డిక్కీలో కార్పెట్టు ఎత్తి సన్నటి స్టెప్నీ చూసి, "ఇది మీ చెల్లెలి స్కూటీది కాదూ?" అన్నాడు. అదృష్టవశాత్తూ మావాడిది పెట్రోలు బండి. వాడి స్నేహితుడొకడు డీజిలు బండి వేసుకొస్తే, డీజిలు మూత పక్కనే ఇంకో నీలిరంగు మూత కనపడింది. 2020లో బీఎస్-6 వచ్చాక పొగలో విషం తగ్గించడానికి చాలా డీజిలు బళ్ళలో పోసే యూరియా నీళ్ళ మూత అది. ఆ మాట వినగానే మా బావ కుర్చీలోంచి లేచాడు. "చేలో చల్లడానికి యూరియా కట్ట కోసం మేం సొసైటీ దగ్గర లైన్లో నిలబడుతుంటే, మీరు బండికి తాగిస్తున్నారా!" ఆ కుర్రాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇంత విసిగించే మనిషి అప్పుడప్పుడు పిడుగులాంటి నిజం చెబుతాడు, అదే బాధ. ఆయన ఓ సాయంత్రం అన్నాడు: "ఇప్పుడు మీరంతా ఎగబడి కొంటున్నది స్టేషన్ వ్యాగన్‌రా. నాలుగంగుళాలు ఎత్తు పెంచి, చక్రాల చుట్టూ నల్లప్లాస్టిక్ అతికించారు, అంతే."

ఆలోచించి చూడండి. కారు బాడీ, ముందుచక్రాల లాగుడు, పైకప్పు వెనకదాకా సాగదీసి ఇచ్చిన డిక్కీ. మన దగ్గర అచ్చంగా అలాంటి బళ్ళే వచ్చాయి. బలేనో ఆల్టూరా వచ్చింది, ఫియట్ వీకెండ్ వచ్చింది, ఆక్టావియా కాంబీ వచ్చింది, 2004లో ఇండిగో మరీనా వచ్చింది. ఒక్కటీ నిలబడలేదు. సామాను పట్టేది, నడపడానికి కారులా ఉండేది, ధర మరీ ఎక్కువ కాదు. కానీ తలెత్తి నిలబడినట్టు కనపడేది కాదు. మా చిన్నబావ అప్పట్లో మరీనా బుక్ చెయ్యబోతే "వెనకనుంచి అంబులెన్సులా ఉంది" అని ఇంటిల్లిపాదీ మాన్పించారు. మాన్పించినవాళ్ళలో ముందువరస మా పెద్దబావదే. ఇప్పుడాయనే "ఆ మరీనా ఎంత బుద్ధిగల బండి!" అని నిట్టూరుస్తుంటే, చిన్నబావ పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

అదే బండిని కాస్త ఎత్తు పెంచేసరికి జనం బారులు తీరారు. ఇప్పుడు దేశంలో అమ్ముడయ్యే ప్రయాణికుల బళ్ళలో సగానికి పైగా ఇవే. డాబు ఒక్కటే కారణం అనను. మన స్పీడ్ బ్రేకర్లు ఇంజనీర్లు కట్టినవి కాదు, వీధివాళ్ళు కోపంతో పోసుకున్నవి. వానాకాలం రోడ్డు ఎక్కడుందో, గొయ్యి ఎక్కడుందో గోదావరికే తెలియాలి. మనిషికి కాస్త ఎత్తులో కూర్చుంటే ధైర్యం.

ఒక్క విషయంలో మాత్రం బావతో నేను రాజీపడను. క్వాలిస్ బానెట్టు మీద అరచేత్తో ధన్ మని కొట్టి, "ఇది రేకు! మీవి కొడితే సొట్టపోతాయి" అంటాడు. సొట్టపోవడమే దాని పని. గుద్దుకున్నప్పుడు ముందుభాగం నలిగి ఆ దెబ్బని తాను మింగుతుంది, మనుషులు కూర్చున్న గది నిలబడుతుంది. నలగని ఇనుము ఆ దెబ్బని తిన్నగా మన ఒంటికి అందిస్తుంది. 2018లో నెక్సాన్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలొచ్చాయి, భారత్‌లో తయారైన కార్లలో అదే మొదటిది. 2022లో స్కార్పియో-ఎన్‌కీ అయిదొచ్చాయి, దానికి చట్రం కూడా ఉంది. ఈ మాట చెబితే బావ మొదటి సగం వినడు, రెండో సగం మాత్రం నలుగురిలో వాడుకుంటాడు. ఆయన బండిలో ఎయిర్‌బ్యాగు లేదు. వెనక ఎదురెదురుగా కూర్చునే సీట్లకి బెల్టులు లేవు. ఆ సీట్లలో పిల్లల్ని కుక్కి తిరుపతి తీసుకెళ్ళిన రోజులు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు జలదరిస్తుంది. వెంకన్న దయ తప్ప ఇంకేం లేదు.

మా అక్కయ్య ఈ చర్చల్లో ఎప్పుడూ నోరెత్తదు. క్వాలిస్ ఎక్కాలంటే ఆవిడ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు వేసి, పైపిడి పట్టుకుని, "నారాయణా" అనుకుని మోకాలు ఎత్తాలి. కొడుకు బండిలో సీటు నడుమెత్తులో ఉంటుంది, తలుపు తీసి అలా కూర్చుంటే చాలు. "ఏ బండి బాగుందే?" అని బావ అందరి ముందూ అడిగితే "మీదే" అంటుంది. గుడికి వెళ్ళాలంటే మాత్రం కొడుకు ఎప్పుడొస్తాడా అని కేలండరు చూస్తుంది.

ఇక నా సంగతి. మొన్న ఓ గృహప్రవేశంలో భోజనానికి లేచి వెళ్తూ, గేటు దగ్గర ఆగి ఉన్న కొత్త సియెర్రాని చూశాను. 2025లో పాత పేరుతో మళ్ళీ వచ్చింది కదా, వెనక అద్దాలు పాతదానిలా వంచారా లేదా అని అటు నడిచాను. అద్దాలు చూసి ఊరుకోవచ్చు. వంగి కింద కూడా చూశాను. లేచేసరికి మా ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

ఈ మధ్య పాతబళ్ళ మీద మోజు పెరిగి, ఆ క్వాలిస్ అమ్ముతారేమో కనుక్కోమని నాకు ఫోన్లు చేసేవాళ్ళు ఎక్కువయ్యారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆయన అమ్మడు. కానీ బేరానికి రమ్మంటాడు, కాఫీ ఇస్తాడు, రెండు గంటలు కూర్చోబెట్టి మీ బండిలో లోపాలన్నీ చెప్పి పంపిస్తాడు. అయినా వెళ్ళి తీరతామంటే, బస్సులో వెళ్ళండి.