టీచరమ్మ మొగుడు

కోడుమూరులో నాకు ఎరువుల అంగడి ఉంది. యూరియా, డీఏపీ, పత్తి విత్తనాలు, పురుగు మందులు అమ్ముతాను. ముంగారు సీజన్లో నా గొంతు బస్టాండు దాకా వినపడుతుందని ఊళ్ళో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి రోజూ కష్టపడతాను కూడా. అట్లాంటి మనిషిని, ఇంటి గడప దాటి లోపలికి అడుగు పెడితే మూడో తరగతి పిల్లోణ్ణయిపోతాను.

మా ఆవిడ సర్కారు ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఎమ్మిగనూరు దాటినాక ఆదోని దారిలో లోపలికుండే పల్లె. పొద్దున్నే బస్సెక్కి గోనెగండ్ల మీదుగా ఎమ్మిగనూరు చేరి, ఆడ నుంచి ఇంకో బండి పట్టుకుంటుంది. నాకు మేనమామ కూతురు. నేను నిక్కరేసుకుని ముక్కు చీదుకునే రోజుల నుంచి చూసిన మనిషి గనక నేనంటే భయం ఎట్లాగూ లేదు. "బావా" అని పిలిచే పిలుపులోనే హాజరు పట్టీ వినపడుతుంది నాకు.

నేను చదువుకున్నప్పుడు బడి అంటే బరికె. కానుగ బరికె ఎవడు విరుచుకొస్తే వాడికే బోణీ. గోడ కుర్చీ, గుంజీలు, ఎండలో మోకాళ్ళు, అన్నీ అయినాయి. బడిలో చేర్చిన రోజు మా అమ్మ సారుతో "కండ్లు రెండు పెట్టి మిగతా తోలంతా ఒలిచేయండి సార్" అని చెప్పొచ్చింది. సారు ఆమె మాటను చాలా వరకు గౌరవించినాడు. అందుకే, 2009లో వచ్చిన విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉందని, పిల్లల్ని కొట్టరాదు, మనసు కుంగిపోయేట్లు వేధించరాదు అని అందులో రాసుందని, 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉందని మా ఆవిడ చెప్పినప్పుడు, ఇదేదో ఇంకో ఇరవై ఏండ్ల ముందు తెచ్చింటే వీళ్ళ సొమ్మేం పోయిందని నా కడుపు మండింది. ఆ మంట చల్లారినాక ఇంకో అనుమానం వచ్చింది. ఈ చట్టం మొగుళ్ళకు వర్తిస్తుందా? అడిగినాను.

"ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల వాళ్ళకు బావా అది. వయసు చూస్తే నువ్వు రావు. చేష్టలు చూస్తే వస్తావు."

సరే, కొట్టరాదు, తిట్టరాదు. మరి ముప్పై మంది పిల్లోళ్ళు మాట ఎట్ల వింటారు? ఇదీ నా ధర్మసందేహం. ఆమె నోటితో జవాబు చెప్పలేదు. నా మీద చేసి చూపించింది.

మొదట ఒప్పందం. జూన్‌లో బడి తెరిచినాక నియమాలు తాను పెట్టదు, పిల్లల చేతనే చెప్పిస్తుంది. నాలుగైదుకు మించవు. "అరవకండి" అని ఉండదు, "ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్ళం వింటాం" అని ఉంటుంది. కింద అందరి సంతకాలు. ఒక ఏడాది అదే పద్ధతిలో ఒక చార్టు మా ఫ్రిజ్ మీదికీ వచ్చింది. నా వంతుగా నేను చెప్పిన నియమం: "నా రిమోట్ ఎవ్వరూ ముట్టుకోరాదు."

"వద్దు, రాదు, కూడదు, ఈ మూడూ లేకుండా చెప్పు బావా" అనింది.

చాలాసేపు కూర్చున్నాను. ఆ మూడూ తీసేస్తే నా దగ్గర ఇంక మాటలే మిగల్లేదని అప్పుడు తెలిసింది. చివరికి మా కూతురే దిద్దింది: "రిమోట్ కావాలంటే అడిగి తీసుకుంటాం." న్యాయంగా ఉందని అందరమూ సంతకం చేసినాము. ఆ రాత్రి నుంచి నా రిమోట్ కోసం నేనే అడుక్కుంటున్నాను.

దీనికన్నా భయంకరమైనది మౌనం. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకామె ఉండేది. తరగతుల్లో రికార్డు చేసిన టేపులు విని లెక్క తీస్తే, టీచరు ప్రశ్న వేసినాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను అని తేలిందంట. 1970ల నాటి మాట. ఆ ఒక్క సెకనును మూడు చేస్తే చాలు, నోరు తెరవని పిల్లలు కూడా మాట్లాడుతారు, జవాబులు పొడుగవుతాయి. ఇది చదివినప్పటి నుంచి మా ఆవిడ అడిగి ఊరకుంటుంది. "కరెంటు బిల్లు కట్టినావా బావా?" అంటుంది. అంతే. కోపం లేదు, కనుబొమ్మలు ఎత్తేది లేదు, ప్రశాంతంగా చూస్తా ఉంటుంది. ఒక సెకను తట్టుకుంటాను. రెండో సెకనుకు ఫ్యాను గాలి కూడా చాలదు. మూడో సెకనుకు "కట్టలేదు, ఆ దుడ్లు ఎల్‌ఐసీకి అనుకున్నా, అదీ కట్టలేదు, మావాడొకడు అడిగితే చేబదులిచ్చినా" అని అడగనివి కూడా కక్కేస్తాను. జవాబులు పొడుగవుతాయని ఆ తల్లి ఊరికే అనలేదు.

ఇంకొకాయన జేకబ్ కూనిన్. 1970లో పుస్తకం వేసినాడు. గోల మొదలైనాక టీచరు ఎట్ల మందలించినాడు అనేదానితో పెద్ద తేడా ఏమీ రాదంట. గోల మొదలు కాకుండానే చూసుకోవాల. దానికి ముందు, గదిలో ఏ మూల ఏం జరుగుతోందో టీచరుకు తెలుసు అని పిల్లలకు తెలియాల. ఆదివారం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మా ఇంట్లో ఆనవాయితీ. డాక్టరు నాకు రెండు బజ్జీలకు మించి ఒప్పుకోలేదు. ఆమె అటు తిరిగి పొయ్యి దగ్గర ఉంది గదా అని నేను గిన్నె వైపు చెయ్యి చాపితే, వెనక్కి తిరగకుండానే "ఊరిబిండి ఎట్లుంది బావా?" అంటుంది. బజ్జీ మాట ఎత్తదు. నా చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. కూనిన్ మా ఇంట్లో ఉండి రాసినాడా అనిపిస్తుంది.

ఆమె బడి నేను ఒక్కసారి చూసినాను. ఆదోనిలో డిస్ట్రిబ్యూటరుకు డబ్బులు కట్టి, తిరుగు దారిలో ఈమెను ఎక్కించుకుందామని ఆ ఊళ్ళోకి బండి తిప్పినాను. ఇంకా బెల్లు కాలేదు. కిటికీ పక్కన నిలబడినాను.

ఆ పక్క మండలాల్లో సుగ్గి అంటే తెలియని ఇల్లుండదు. కూలికి వలస పోవడమే సుగ్గి. వానలు మొండికేస్తే, ఖరీఫ్ కోతలు అయిపోతే, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెల్లో ఇండ్లకు తాళాలు పడతాయి. గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి కొందరు, పత్తి తీయడానికి కొందరు, బెంగళూరు బిల్డింగు పనులకు కొందరు పోతారు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడతారు గానీ, అందరూ వాటిలో ఉండరు. చంటిపిల్లను ఎత్తుకోవడానికైనా కొందరు వెంట పోతారు. అట్ల సుగ్గికి పోయొచ్చిన ఒక పాప ఆ రోజే బడికి వచ్చినట్టుంది. వాకిలి దగ్గర తల వంచుకుని నిలబడింది. నేనైతే "ఇన్ని దినాలు యాడికి పోయినావు?" అని మొదలుపెట్టేవాణ్ణి. నా అంగట్లో గుమాస్తా ఒక పూట ఆలస్యమైతే నేను మొదలుపెట్టేది అట్లనే.

ఈమె "రామ్మా, నీ జాగా నీకే ఉంచినాము" అనింది. రెండో వరసలో నిజంగానే ఒక జాగా ఖాళీగా ఉంది. తర్వాత లెక్కల పుస్తకం మూసేసి, "మిరపకాయల లెక్క మాకెవరికీ రాదు, నువ్వు చెప్పు" అని సుద్దముక్క పాప చేతికిచ్చింది. పాప కొంచెం సేపు గోడను చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు. మూడు సెకన్ల కన్నా చాలా ఎక్కువే అయింది. అప్పుడు, "టిక్కీకి నలభై కిలోలు పడతాయి మేడం" అనింది. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. పది టిక్కీలకు ఎన్ని కిలోలు అని గుణకారం మొదలైంది. ఒక పిల్లోడు వేళ్ళ మీద కన్నడంలో లెక్క పెట్టుకుంటున్నాడు. ఇంట్లో వాళ్ళది కన్నడం, బడిది తెలుగు. పక్కవాడు కూడా వాడితో పాటు "ఎంటు, ఒంబత్తు, హత్తు" అంటున్నాడు, ఈమె వద్దనలేదు. నాలుగు వందలు అని జవాబు వచ్చేసరికి పాప చెయ్యి ఎత్తింది: "టిక్కీలోకి దిగి కాళ్ళతో తొక్కితే ఇంకా నాలుగు కిలోలు పడతాయి మేడం." క్లాసంతా నవ్వింది. ఈమె కూడా నవ్వి, "అయితే తొక్కకుండా ఒక లెక్క, తొక్కి ఒక లెక్క" అని బోర్డును రెండు భాగాలు చేసింది. నలభై నాలుగు పదులు ఎంతో పాపే రాసింది. ఇందాక వాకిలి దగ్గర నిలబడినప్పుడు వంగిన తల అప్పటికి ఎక్కడా కనపడలేదు నాకు.

తర్వాత గోల ఎక్కువైంది. ఈమె నోరెత్తలేదు. చప్పట్లు మూడు కొట్టింది. పిల్లలు రెండు కొట్టి ఠక్కున నిశ్శబ్దమైనారు. కిటికీ బయట నేను కూడా రెండు కొట్టినాను. ఇంట్లో అలవాటు. క్లాసు మొత్తం నా వైపు తిరిగింది.

ముందు వరసలో ఎడమ పక్కన కూర్చున్న పిల్లోడి గురించి దారిలో చెప్పింది. పిలిస్తే పలకడని, మొండివాడని ముందు అనుకున్నారంట. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసుకోవడానికి బడికి వచ్చే ఐఈఆర్‌టీ మేడం గమనించమని చెప్పినాక చూస్తే, వాడు ప్రతిసారీ తల ఒక పక్కకే తిప్పుతున్నాడు. ఒక చెవి సరిగా వినపడదు. అట్లాంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రానికి పంపించి, వినపడే చెవి టీచరు వైపు ఉండేట్లు జాగా మార్చితే, మొండితనం పోయింది. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే ఉండేవంట, 2016 చట్టంలో ఇరవై ఒకటి చేసినారంట. "లెక్కలోకి రాని పిల్లలందరినీ అంతకు ముందు మొండోళ్ళు, మొద్దులు అనేవాళ్ళం బావా" అని ఆమె అంటుంటే, నేను బండి నడుపుతున్నట్టు నటించినాను. నిజానికి మా అమ్మ గుర్తొచ్చింది.

పిల్లలు జేజి అని పిలుచుకునే మా అమ్మతో నాకు యుద్ధం పాతది. "మందులేసుకున్నావా?" అంటే పలకదు. "అన్నానికి రా" అంటే రాదు. నేను గొంతు పెంచుతాను. ఆమె అలుగుతుంది. చాదస్తం ఎక్కువైందని తీర్పిచ్చేసినాను. ఆ వారమే మా ఆవిడ అత్తను ఎడమ పక్క నుంచి ఒకసారి, కుడి పక్క నుంచి ఒకసారి, అదే గొంతుతో పిలిచి చూసింది. కర్నూల్లో డాక్టరుకు చూపిస్తే ఎడమ చెవి దాదాపు పోయిందన్నాడు. భోజనాల దగ్గర నేను కూర్చునేది ఎప్పుడూ ఎడమ పక్కనే. అంటే అన్నేండ్లూ నేను అరిచిన అరుపులన్నీ వినపడని చెవికే పోయినాయి. అదొక్కటే నాకు ఊరట. ఇప్పుడు అమ్మ జాగా మార్చినాము. మందుల మాట వినపడుతోంది. నేను బజ్జీల గురించి గొణిగేది కూడా వినపడుతోంది, వెంటనే కోడలికి అందుతోంది. తోలు ఒలిచేయమన్న ఆ తల్లే ఇప్పుడు "పిల్లోళ్ళ మీద అరిస్తే చదువు రాదప్పా, మెల్లగా చెప్పాల" అని నాకు పాఠం చెబుతోంది.

ఇదంతా చూసి, ఈ విద్య అంగట్లో ఎందుకు వాడకూడదు అనిపించింది. పాత బాకీ ఉన్న రైతు ఒకాయన వచ్చినాడు. "బాకీ ఎప్పుడిస్తావన్నా?" అని అడిగి ఊరకున్నాను. మూడు సెకన్లయినాయి. ఆయన కూడా ఊరకున్నాడు. బీడీ ముట్టించుకున్నాడు. నేను చూస్తా ఉన్నాను, ఆయన రోడ్డు మీద లారీలను చూస్తా ఉన్నాడు. బీడీ అయిపోయినాక లేచి, "వస్తాన్ రా" అని పోయినాడు. మేరీ బడ్ రోకు మా హంద్రీ ఒడ్డు రైతు తెలియదు పాపం.

పొగడ్త వాడి చూద్దామనుకున్నాను. దానికీ పద్ధతి ఉంది. "గుడ్, వెరీ గుడ్" అంటే లెక్క లేదు. ఏం చేసినాడో అది విడమరిచి చెప్పాల. ఇంకో బాకీదారు అంగడి ముందు నుంచి పోతుంటే పిలిచి, "అందరూ నాకు కనపడకుండా సందులో నుంచి పోతారు, నువ్వు మాత్రం ఎదురుగానే పోతున్నావు, అది నాకు నచ్చిందన్నా" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. లోపలికి వచ్చి కూర్చుని, ఇంకో రెండు బస్తాల డీఏపీ అప్పు రాయించుకుని పోయినాడు.

కానీ ఇంట్లో అదే పొగడ్తకు నేను పడిపోతాను. అది చెప్పుకోవడానికే సిగ్గు. "తిన్న ప్లేటు తీసినావు, ఎండిపోకుండా నీళ్ళు కూడా పోసినావు బావా" అని ఆమె ఒకసారి అనింది. మరుసటి రోజు అందరి ప్లేట్లూ నేనే తీసినాను. ఆమె ఫోన్లో మాట్లాడుతోంది, చూడలేదు. వినపడేట్లు కొళాయి గట్టిగా తిప్పినాను. అయినా చూడలేదు. అన్నీ మళ్ళీ బయటికి తీసి, ఆమె ఫోను పెట్టేసినాక ఇంకోసారి కడిగినాను.

ఈ బాధ పడలేక, క్లాసులో మాదిరి నాకూ స్టార్లు ఇయ్యమని అడిగినాను. తన క్లాసులో స్టార్లే లేవంది. 1973లో అమెరికాలో చిన్న పిల్లల మీద పరీక్ష చేసినారంట. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లలకు, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించినారు. తర్వాత ఊరక ఉన్నప్పుడు ఆ పిల్లలు బొమ్మల జోలికి పోవడం తగ్గింది. ఉన్న ఇష్టాన్ని బహుమతి చంపేస్తుంది అని ఆమె వాదన.

"అంటే, ముందు ఇష్టం ఉంటేనే కదా చచ్చేది. ప్లేట్లు కడగడం, కరెంటు బిల్లు కట్టడం, వీటి మీద నాకు మొదటి నుంచీ ఇష్టమే లేదు. చావడానికి ఏముంది? ధైర్యంగా ఇయ్యి" అన్నాను.

ఆమె ఆగింది. ఒక సెకను, రెండు, మూడు. మా పెండ్లయినాక ఆమె దగ్గర జవాబు లేకపోవడం చూసింది అదే మొదటిసారి.

"చెప్పింది విని, దాంట్లో లొసుగు పట్టుకుని అడిగినావు బావా. చాలా బాగుంది" అనింది.

స్టారు మాత్రం ఇయ్యలేదు. ఎమ్మిగనూరులో ఫ్యాన్సీ అంగట్లో పాకెట్టు కొనుక్కొచ్చి, అంగడి క్యాలెండర్లో నేనే అతికించుకుంటున్నాను. నిన్న గుమాస్తా చూసి, ఏందన్నా ఇవి అని అడిగినాడు. చెప్పినాను. ఆలస్యంగా రాని రోజులకు తనకూ అతికించమంటున్నాడు. వెనకటి నెల బకాయితో సహా.