డ్రాగన్ డబ్బాలో జియాంగ్ హువాంగ్

కోరుట్ల నుంచి మా బామ్మర్ది ఒక డబ్బా పట్టుకొచ్చాడు. మూత మీద డ్రాగన్, లోపల అరవై మాత్రలు. "జియాంగ్ హువాంగ్ బావా! చైనా మూలిక. నిండా యాంటీ ఆక్సిడెంట్లే. కీళ్లు అరగయి, ముసలితనం రాదు." వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదివాను. కర్కుమిన్. అంటే పసుపు. అప్పుడు వాడు కూర్చున్నది మా పసుపు బస్తా మీదే.

ఇది జగిత్యాల ప్రాంతం నాయనా! 2019లో పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం రైతులు పోటీపడి నామినేషన్లు వేస్తే నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో మొత్తం 185 మంది అభ్యర్థులు తేలారు. జగిత్యాల, కోరుట్ల ఓటర్లు 12 బ్యాలెట్ యూనిట్ల ముందు నిలబడి గుర్తులు వెతుక్కున్నారు. ఆ ఊళ్లలోనే పసుపుకు చైనా పేరు పెట్టి అమ్మడానికి ఎంత గుండె ఉండాలి!

పసుపులో యాంటీ ఆక్సిడెంట్ గుణం లేదనను. గాజు గొట్టంలో బ్రహ్మాండంగా ఉంది. ఒంట్లోకొచ్చేసరికే చిక్కు. మింగిన కర్కుమిన్‌లో నెత్తురు దాకా చేరేది నామమాత్రం, మిగతాది తెల్లారి దాని దారిన అది పోతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే 20 రెట్లు ఎక్కువగా ఒంటబడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. చిటికెడంతకు ఇరవై రెట్లు ఎంతో మా వాడు లెక్క చెప్పలేదు. 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు అప్పటిదాకా మనుషుల మీద జరిగిన 120కి పైగా ప్రయోగాలను ప్రస్తావిస్తూ, గట్టి పరీక్షలో కర్కుమిన్ ఒక్కసారీ నెగ్గలేదని తేల్చేశారు.

మరుసటి వారం వాడు సిరిసిల్ల పోయాడు. సాంచాల (మరమగ్గాల) మీద నిలబడే అన్నలకు "బీడీ తాగినా ఊపిరితిత్తులకు ఢోకా లేదు" అని అమ్మాడట. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. ఫిన్లాండ్‌లో 29 వేలమంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన ప్రయోగం ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ అనే మరో యాంటీ ఆక్సిడెంట్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. తగ్గుతుందని ఇచ్చిన మందు అది!

మా అమ్మ ముప్పై ఏళ్లుగా పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసింది. మోకాళ్లు పట్టుకుని లేస్తుంది. బామ్మర్దిని అడిగాను: "ఇంట్ల రెండు క్వింటాళ్ల జియాంగ్ హువాంగ్ ఉంది, కొంటవా?"

"పసుపుకు రేటు లేదు గద బావా" అన్నాడు.