ఫారంలో పట్టని మనవి

మహారాజశ్రీ నాయకత్వ కోర్సు సమన్వయకర్త గారి దివ్యసముఖానికి, న్యూజీలాండ్ లోవర్ హట్ నుంచి మీ విద్యార్థిని నమస్కరించి వ్రాయు మనవి. ఉభయకుశలోపరి.

మీరు పంపిన ఫీడ్‌బ్యాక్ ఫారం అందింది. అయిదు నిమిషాలు పడుతుందన్నారు. నాకు రెండే పట్టాయి, అన్ని ప్రశ్నలకీ 3 మీద నొక్కాను. అడుగున 'ఇంకేమైనా చెప్పదలిచారా' అని ఒక గడి కనిపించింది. చెప్పదలిచాను. పెళ్లి భోజనాల దాకా వచ్చేసరికి అక్షరాల కోటా అయిపోయిందంది. అందుకని మిగతాది తెలుగులో, నలుగురి ముందూ రాస్తున్నాను. మీకు తెలుగు రాదు. పేరు బయటపెట్టబోమని మీరిచ్చిన హామీ కన్నా నాకు అదే భద్రం. ముప్ఫైమంది క్లాసులో పెళ్లి భోజనాల గురించి రాసిందెవరో కనిపెట్టడానికి డిటెక్టివ్ అక్కర్లేదు కదా.

ముందు మంచి చెప్పుకోవాలి. స్లైడ్లు బాగున్నాయి. లెక్చరరు గారి గొంతు ఇంకా బాగుంది. పన్నెండు వారాల్లో పన్నెండు రకాల నాయకత్వాలు చూపించారు, బట్టల కొట్లో చీరలు విప్పి పరిచినట్టు. ఏది కట్టుకోవాలో చెప్పలేదు గానీ, చూడ్డానికి కన్నులపండగే.

ఇక గ్రూప్ అసైన్‌మెంట్. మేం నలుగురం. మొదటి మీటింగుకి ముగ్గురం వచ్చాం. లీడరెవరనే ప్రశ్న వచ్చేసరికి ముగ్గురం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుని, రాని నాలుగో అతని పేరు రాసేశాం. ఏకగ్రీవం. గడువుకి ముందురోజు రాత్రి పదకొండున్నరకి షిఫ్టు నుంచి వచ్చి ఫైలు తెరిస్తే, ఒకరు హెడ్డింగుల రంగు మార్చి ఉంచారు, ఇంకొకరు 'గ్రేట్ వర్క్ టీమ్' అని రాసి పడుకున్నారు. హీటరు బిల్లుకి భయపడి దుప్పటి కప్పుకుని, తెల్లవారుజామున మూడింటి దాకా కూర్చుని రాశాను. నేను ఒక్కదాన్నే రాసిన ఆ భాగం పేరు 'పనిని నలుగురికీ పంచడం ఎలా'.

కేసు స్టడీలన్నీ కాలిఫోర్నియా కంపెనీలవే. నేనుండేది ఈ లోవర్ హట్‌లోని పెటోనీలో. సముద్రం ఒడ్డుకి ఏడు నిమిషాల నడక, దక్షిణపు గాలి వెనక్కి నెట్టకపోతే. కేసు స్టడీ ఇక్కడే ఒకటి ఉంది. 1840 ఫిబ్రవరిలో ఈ రేవుకి వచ్చిన డ్యూక్ ఆఫ్ రాక్స్‌బర్గ్ ఓడలో శామ్యూల్ పార్నెల్ అనే లండన్ వడ్రంగి ఉన్నాడు. అదే ఓడలో వచ్చిన జార్జ్ హంటర్ అనే వ్యాపారి తనకో గోదాము కట్టిపెట్టమని అడిగాడు. కడతాను గానీ రోజుకి ఎనిమిది గంటలే పని చేస్తానన్నాడు పార్నెల్. లండన్‌లో ఇలా నడవదని హంటర్ గునిశాడు. మనం ఉన్నది లండన్‌లో కాదుగా అని జవాబు. ఊళ్లో వడ్రంగులు ముగ్గురే, ఏం చేస్తాడు, ఒప్పుకున్నాడు. పార్నెల్ అక్కడితో ఊరుకోలేదు. కొత్తగా ఓడలు వస్తే ఎదురెళ్లి, దిగిన పనివాళ్లకి ఎనిమిది గంటలకి మించి ఒప్పుకోవద్దని చెప్పేవాడు. ఆ అక్టోబరులో పనివాళ్లంతా ఒక హోటలు బయట చేరి అలాగే తీర్మానం చేశారు. మాట తప్పినవాణ్ణి సముద్రంలో ముంచాలని కూడా అనుకున్నారు. (మా గ్రూపుకి ఈ ఒక్క నిబంధన ఉండి ఉంటే!) 1841లో హట్ రోడ్డు వేస్తున్న కూలీలను ఇంకా ఎక్కువసేపు చెయ్యమంటే పని ఆపేశారు. అక్టోబరు నాలుగో సోమవారం లేబర్ డే అని మీరు క్లాసుకి సెలవిస్తున్నది ఈ వడ్రంగి పుణ్యాన్నే.

ఏడో వారం క్లాసులో ఈ సంగతి చెప్పాను. లెక్చరరు గారు 'ఆసక్తికరం' అన్నారు. తరవాతి స్లైడు వచ్చేసింది. నిజమే, పార్నెల్‌కి హోదా లేదు, చేతికింద మనుషుల్లేరు, విజన్ స్టేట్‌మెంటు లేదు. మీ లెక్కన ఆ కథలో నాయకుడు హంటరే అవుతాడు.

నాకెందుకింత పట్టింపంటే, నేను చేసే సూపర్‌మార్కెట్‌లో షిఫ్టు పదింటికి ముగుస్తుంది. 'ఇంకో అరగంట ఉంటావా' అని అడుగుతారు. నేను ఆలోచించేలోపే నా తల ఊగేస్తుంది. ఆ అరగంటకి జీతం ఉండదు. మీ కోర్సులో నాకు ఏ ప్లస్ రావచ్చు. 'ఉండలేనండీ' అనే ఒక్క మాట మాత్రం ఇంకా రాలేదు.

ఇక గడిలో పట్టని పెళ్లి భోజనాల సంగతి. మా భాషలో పెత్తనం వేరు, పెద్దరికం వేరు. మా పెదనాన్న పెళ్లిళ్లలో వడ్డన చూసేవాడు. గరిటె పట్టడు. బంతి చివర నిలబడి ఆకుల వంక చూస్తుంటాడు. 'ఎనిమిదో ఆకు' అంటాడంతే, నేతిగిన్నె అటు పరిగెత్తేది. ఓ పెళ్లిలో బూరెలు తక్కువొస్తే మగపెళ్లివారి మాటలన్నీ తనే పడ్డాడు. వంటమనిషి పేరు నోట రానివ్వలేదు. చివరి బంతిలో కూర్చునే పాటికి ఆయనకి పెరుగన్నమే మిగిలింది. తొమ్మిదో వారం లెక్చరరు గారు సేవక నాయకత్వమంటూ 1970 నాటి రాబర్ట్ గ్రీన్‌లీఫ్ వ్యాసం చెబుతుంటే, నాకు ఖాళీ బూరెల గంప కళ్లముందు ఆడింది.

ఫారం గురించి కూడా ఒక మాట. ఒకటి నుంచి అయిదు దాకా నొక్కే ఈ పద్ధతి 1932లో రెన్సిస్ లైకర్ట్ పెట్టింది. ఆయనే 1961లో మేనేజ్‌మెంటు మీద పుస్తకం రాసి, కిందివాళ్లని నిర్ణయాల్లో కలుపుకునే సంస్థలే బాగా నడుస్తాయన్నాడు. మీరు ఆయన గళ్లు ఉంచుకున్నారు. గ్రూపు మార్కులు విడివిడిగా వెయ్యమని పోయినేడాది వాళ్లు రాశారట, మా సీనియర్ చెప్పింది. ఈ ఏడు ఫారంలో ఒక ప్రశ్న పెరిగింది. మార్కులు మాత్రం ఇంకా గంపగుత్తగానే వేస్తున్నారు.

చిత్తగించవలెను.

భవదీయురాలు,
పదో ప్రశ్నకీ 3 నొక్కిన విద్యార్థిని

తా.క.: మా లీడరుకీ నాకూ సమానంగా 78 వచ్చాయి. అతన్ని మేమెవరమూ ఇంతవరకూ చూడలేదు. మీ దగ్గర ఫొటో ఉంటే పంపించండి, పట్టాల రోజున పలకరిస్తాం.