బందరులో టర్బో

స్తుతుతుతుతు. వచ్చాడు.

పక్కింటి అబ్బాయి రాత్రి భోంచేసి మంగినపూడి బీచి దాకా కారులో వెళ్లొస్తాడు. మా వీధి మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. ముందు ఆ చప్పుడు, వెనకే వీధికుక్కల సమాధానం, దాని వెనక మా ఆవిడ: "ఏవండీ, ఇవాళైనా అడుగుతారా లేదా?" ఈ వరస ఒక్కరోజు కూడా తప్పలేదు.

అడిగాను. "కారుకేమైనా జబ్బు చేసిందా బాబూ?" అని, సాధ్యమైనంత మర్యాదగా.

"జబ్బేం లేదు బాబాయ్ గారూ, టర్బోకుండే డంప్ వాల్వ్ తీయించేశా," అన్నాడు, ముఖం వెలిగిపోతుండగా. విజయవాడ ఆటోనగర్‌లో ఎవరో మెకానిక్ దాన్ని ఊడదీసి, ఆ కన్నానికి ఓ మూతబిళ్ల బిగించి, డబ్బులు పుచ్చుకున్నాడట. డబ్బులిచ్చి కొత్తవి తగిలించుకోవడం చూశాం. ఉన్నదాన్ని డబ్బులిచ్చి తీయించుకోవడం పిప్పిపన్ను, అపెండిక్స్ విషయాల్లో తప్ప నేను వినలేదు.

అసలు బందరుకి టర్బో ఎందుకన్నది నా మొదటి సందేహం. టర్బో అంటే గాలిపంకా. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసుకున్న రెండో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి కుక్కుతుంది. నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది. దీనికి పేటెంటు 1905లో ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు తీసుకున్నాడు. అమెరికావాళ్లయితే 1918లో ఓ విమానం ఇంజనుకి దీన్ని తగిలించి, పైక్స్ పీక్ అనే పద్నాలుగు వేల అడుగుల కొండ మీదికి మోసుకెళ్లి మరీ పరీక్షించారు. అంత ఎత్తున గాలి పలచన కాబట్టి ఇంజనుకి ఊపిరాడదు, టర్బో ఊపిరి పోస్తుంది. బాగానే ఉంది. మా బందరులో ఎత్తంటే రైల్వే ఓవర్‌బ్రిడ్జి. గాలికా కొదవ? సముద్రం మీంచి ఊరికే వస్తుంది, ఉప్పుతో సహా. ఇక స్పీడంటారా, అవనిగడ్డ వైపు వెళ్తే సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, మిగతా సగం మీద గేదెలు. గేదె ముందు అన్ని కార్లూ ఒకటే.

సరే, ఈ డంప్ వాల్వ్ పనేమిటి? అబ్బాయి చాలాసేపే చెప్పాడు గానీ, నాకు బందరు రైల్వేస్టేషను గుర్తొచ్చాక గానీ బుర్రకెక్కలేదు. కాలు నొక్కి ఉన్నంతసేపూ టర్బో నొక్కిన గాలి దడదడా ఇంజనులోకి వెళ్తుంటుంది. కాలు తీయగానే ఇంజను గుమ్మంలో థ్రాటిల్ తలుపు మూసుకుంటుంది. చక్రానికి ఆ సంగతి తెలియదు, గాలిని తోస్తూనే ఉంటుంది. తోసిన గాలికి ముందు దారి లేదు. బందరు దాకా వచ్చిన రైలు ఏం చేస్తుంది? వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. గాలీ అంతే, తిరుగుతున్న చక్రం రెక్కల మీదికే ఎదురుతంతుంది.

రైలు మాట వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. మా పట్టాలు బందరులో ఆగిపోతాయి. అవతల తెనాలి నుంచి వచ్చిన పట్టాలు రేపల్లెలో ఆగిపోతాయి. మధ్యన ఇంత దివిసీమ, ఒక కృష్ణ. ఈ రెండు చివరలనీ కలపండి మహాప్రభో అన్న మొర నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎన్నికలప్పుడు వినబడుతుంది, బడ్జెట్టు ముందు వినబడుతుంది, తర్వాత వినబడదు. నాకు ఇంత బాధ ఎందుకంటే మా అత్తవారిది రేపల్లె. రైల్లో పోవాలంటే బందరులో ఎక్కి, పెడన, గుడివాడ చూసుకుంటూ, అత్తవారి ఊరికి వీపు పెట్టి విజయవాడ చేరి, అక్కడ కృష్ణ దాటి, తెనాలిలో మారి, మళ్లీ సముద్రం వైపు దిగిరావాలి. పెళ్లిచూపులకి మా పెద్దమేనమామ ఈ దారినే వెళ్లాలని పట్టుబట్టాడు, ఆయనకి బస్సు పడదు. మేం చేరేసరికి పెట్టిన ఫలహారం చల్లారిపోయింది, పిల్ల తండ్రి కునుకు తీస్తున్నాడు. "కృష్ణకి అవతలి ఒడ్డే అన్నారు కదండీ, కాశీ మీదుగా వచ్చారా?" అని అడిగిందట మా అత్తగారు. ఇవాళ్టికీ మా ఇంట్లో నేను దేనికి ఆలస్యం చేసినా కాశీ ప్రస్తావన వస్తుంది. వంతెన రాకముందు పులిగడ్డ దగ్గర పడవెక్కి పెనుమూడిలో దిగేవాళ్లం, ఇప్పుడు బస్సు చల్లపల్లి, మోపిదేవి మీదుగా చక్కా పోతుంది. బస్సుందిగా, ఇంకేం కావాలి అంటారు. గుడివాడవాళ్లు అంటారు ఆ మాట. వాళ్లది జంక్షను, భీమవరం వైపూ పోవచ్చు, ఏమైనా అంటారు. పూణేలో పుట్టిన 65వ నంబరు జాతీయ రహదారి కూడా మా ఊరొచ్చి చతికిలబడింది. మా ఊరు దాటి ముందుకి వెళ్లగలిగినవాళ్లు జాలరులే.

ఏం చెబుతున్నాను? ఆ, వాల్వు. తలుపు మూసుకోగానే ఆ ఇరుక్కున్న గాలిని పక్కకి తప్పించే చిన్న కిటికీ అది. కంపెనీ కార్లలో దాన్ని బయటికి కూడా వదలరు. గుట్టుచప్పుడు కాకుండా టర్బో ముందరి గొట్టంలోకే మళ్లిస్తారు, పక్కింటివాడి నిద్ర చెడకుండా. ఆ కిటికీ మూసేస్తే గాలి రెక్కల మధ్య నుంచి విడతలు విడతలుగా వెనక్కి తన్నుకొస్తుంది. అదే మా వీధి స్తుతుతుతు.

"మరి చక్రం పాడవదా నాయనా?"

"తక్కువ ప్రెషర్‌లో ఏం కాదు బాబాయ్ గారూ. పాత ర్యాలీ కార్లన్నీ ఈ సౌండుతోనే పరిగెత్తాయి. పైగా ప్రెషర్ పోకుండా ఉంటుంది కదా, పికప్ బాగుంటుంది."

నాకు అర్థమైనంతలో, ఎదురుగాలి తగిలిన చక్రం నెమ్మదిస్తుంది, మళ్లీ కాలు నొక్కినప్పుడు దాన్ని మళ్లీ లేపాలి. ఎదురుతన్నిన ప్రతిసారీ ఇరుసు బేరింగుల మీద దెబ్బ. అది ఇవాళే విరగకపోవచ్చు, ఏళ్లు పట్టొచ్చు. పోతే మాత్రం టర్బో మొత్తం మార్చాలి. ర్యాలీ కార్లకి పోటీ కాగానే ఇంజను విప్పి చూసేందుకు ఓ దండు ఉంటుంది. ఇక్కడ కోనేరు సెంటరు నుంచి బీచికి వెళ్లే బండికి వెనకాల ఉన్నది మా కుక్కలే.

చట్టం తీశాను. 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను. రిజిస్ట్రేషనులో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. "ఆర్సీలో డంప్ వాల్వ్ కాలమ్ ఉందా బాబాయ్ గారూ?" అన్నాడు, నవ్వుతూ. లేదు. రంగుంది, ఛాసిస్ నంబరుంది, సీట్ల లెక్కుంది. ఈ దేశంలో చట్టాలు రాసేవాళ్లెవరూ మలుపు ఇంట్లో కాపురం ఉండరు.

అన్నీ చెప్పి, వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. బానెట్టెత్తి చూపించాడు, ఫోనులో ఏవేవో వీడియోలు చూపించాడు. ఇంజనీరింగ్ పూర్తయింది. ఉద్యోగం ఇచ్చామని కాగితం పంపిన కంపెనీ, చేరే తేదీ మాత్రం ఇప్పటికీ పంపలేదు. కారు వాళ్ల నాన్నది, రొయ్యల చెరువు కలిసొచ్చిన ఏడు కొన్నారు. వీధిలో ఎదురైన ప్రతివాడూ "ఏమైందిరా జాబు?" అంటాడట. కారు సంగతి అడిగిన పెద్దవాణ్ణి నేనొక్కణ్ణేనట. ఎల్కేజీ నుంచీ ఆ పిల్లాణ్ణి అందరూ వెనకనుంచి తోసినవాళ్లే. బీచి దాకా వెళ్లి వాడు ఏం చేస్తాడని అడిగాను. "ఏం లేదు బాబాయ్ గారూ, అక్కడితో రోడ్డు అయిపోతుంది కదా, తిప్పుకుని వచ్చేస్తా," అన్నాడు. దానికి నా దగ్గర ఏ సెక్షనూ లేదు.

అయితే జాలి వేరు, నిద్ర వేరు. రెండు రోజులాగి, పోనీ ఆ వాల్వుని మళ్లీ పెట్టించెయ్ నాన్నా, ఖర్చు నేనిస్తాను అన్నాను. కుదరదన్నాడు. దాన్ని గుడివాడలో ఫ్రెండుకి ఇచ్చేశాడట. వాడు తన కారుకి బిగించుకున్నాడట, బయటికి బుస్సుమనేలా.

"మరి బుస్సుమంటోందా?"

"లేదు బాబాయ్ గారూ. వాడిది డీజిల్. డీజిల్‌కి మామూలుగా ఆ థ్రాటిల్ తలుపే ఉండదు. మూసుకునేదే లేనప్పుడు గాలెక్కడ ఆగుతుంది? ఊరికే అలంకారానికి ఉంది."

ఈ సంగతి మా ఆవిడకి చెప్పాను. అంతా విని, గుడివాడలో ఆ కుర్రాడి పక్కింట్లో పోర్షనేమైనా ఖాళీగా ఉందేమో కనుక్కోమంది.