కాయ అమ్మిన రోజే ఫోను కొనాలి

ఫోను ఎప్పుడు కొనాలి అని అడుగుతుంటారు జనం. ఇందులో అడగటానికేముంది? గుంటూరు మిర్చి యార్డులో కాటా అయ్యి, తక్‌పట్టీ రాసి, డబ్బు జేబులో పడ్డ గంటలోపు కొనాలి. ఆ డబ్బుతో ఊరికి పోయారా, బస్సు దిగేచోటే ఎరువుల కొట్టాయన కనపడతాడు. నాలుగడుగులు వేస్తే పురుగుమందుల కొట్టు. ఇంటికి చేరితే అరుగు మీద పొలం ఆసామి, కౌలు కోసం. తెల్లారేసరికి మీకు మిగిలేది కాయ దగ్గే. అందుకని యార్డు గేటు దాటగానే ఆటో ఎక్కి శంకర్‌విలాస్ సెంటరు అనండి. చొక్కా దులుపుకోమాకండి. మీరు లోపలికి రాగానే ఏసీ గదిలో నలుగురు తుమ్మారంటే, ఇవ్వాళ కాయ అమ్మిన మనిషి వచ్చాడని కుర్రాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింకు ఇస్తారు. ఏడాది మొత్తం మీద మనకి దక్కే మర్యాద ఆ ఒక్క పూటే.

నేనిప్పటికి ఏడు ఫోన్లు ఇట్టాగే కొన్నాను. అనుభవం మీద చెబుతున్నా.

యార్డులో మన సరుకుని ఎట్టా చూస్తారో మీకు తెలుసు. కొనేవాడు టిక్కీలో చెయ్యి పెట్టి అడుగునున్న కాయ లాగుతాడు, పైనున్నది చూడడు. గుప్పిట్లో నలిపి చెవి దగ్గర పెట్టుకుంటాడు. గలగలమంటే ఆరినట్టు, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. తొడిమ దగ్గర విరిచి గింజలు అరచేతిలో రాలుస్తాడు. ‘తేజే గాని తాలు తగిలింది’ అని పెదవి విరిచి పక్క టిక్కీకి పోతాడు. ఆరు నెలలు పెంచిన కాయకి అర నిమిషంలో అంత అవమానం. మనం పడ్డది చాలదా, పాపం ఫోను కొట్టువాళ్ళని కూడా పెట్టాలా? పెట్టెకి సీలుంటే కళ్ళకద్దుకుని తీసుకోండి. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుందనీ, అది పెట్టె మీది నంబరుతో సరిపోవాలనీ, కేవైఎం అని కొట్టి పక్కన ఆ నంబరు రాసి 14422కి మెసేజి పెడితే ఆ ఫోను అసలుదో కాదో సర్కారే చెబుతుందనీ మా మేనల్లుడు అంటాడు. వాడు చదువుకున్నాడు గదా, అనుమానం ఎక్కువ.

బిల్లు సంగతి. ‘బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది బాబాయ్’ అంటాడు కుర్రాడు. వెంటనే ‘అమ్మో వద్దురా’ అనండి. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ నుంచి 18 శాతం. అది పెట్టె మీద అచ్చేసిన ఎమ్మార్పీలో కలిసే ఉంటుంది. కలిసే ఉన్నదాన్ని మళ్ళీ పడకుండా ఆపుతున్న పిల్లాడి మంచితనాన్ని కాదంటామా? తెల్లకాగితం మీద రేటు రాసి సంతకం పెడతాడు. రేపు ఫోను ఆగిపోతే ఆ కాగితం పట్టుకుని సర్వీసు సెంటరుకి వెళ్ళండి. వాళ్ళక్కూడా నవ్వుకోటానికి ఏదో ఒకటి ఉండాలి.

ఇక ఫోనులో ఏం చూడాలంటే, అంకెలు. ఏ అంకె పెద్దదైతే అది. కెమెరా 200 అంటే 50 కన్నా నాలుగు రెట్లు మంచిదన్నమాట. ర్యామ్ 16 అని రాసి ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే కింద సన్నక్షరాల్లో 8 కూడిక 8 అని ఉంటుంది. ఎనిమిది సొంతం, తక్కిన ఎనిమిది స్టోరేజీ దగ్గర చేబదులు. మనం గనక టిక్కీలో సగం తేజ, సగం తాలు పోసి మొత్తం తేజ అంటే యార్డులో ఊరుకోరు. ఇక్కడ దానికి పేరు పెట్టి, రంగు కాగితం అంటించి అమ్ముతారు. కళ్ళద్దాలు ఇంట్లో పెట్టి రండి.

ఎండలో తెర కనపడుతుందా అని కొట్టు బయటికి తీసుకెళ్ళి చూడమాకండి, దొంగననుకుంటారు. వేలిముద్ర పనిచేస్తుందా అని కూడా అడగమాకండి. ఏసీలో, కడిగిన చేత్తో, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కోతలప్పుడు వేలి గీతలు అరిగిపోయి, చేతికి కాయ జిడ్డంటి, మొహానికి తువ్వాలు చుట్టుకుని కల్లంలో నిలబడి ఉంటాం చూడండి, అప్పుడు వేలు పెట్టినా తెరుచుకోదు, మొహం పెట్టినా తెరుచుకోదు. దీన్నే భద్రత అంటారు. తువ్వాలు తీసి, అదే చేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ప్రయత్నిస్తే ఏమవుతుందో ఈ జిల్లాల వాళ్ళకి నేను చెప్పాలా?

5జీ మాత్రం తప్పనిసరి. దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది, మా ఊరి టవరుకి ఆ కబురు ఇంకా అందలేదు. అయినా కొన్నాను. కొనేముందు ఇరుగుపొరుగు ఫోన్లు తీసుకుని ఇంట్లో, దొడ్లో, పొలంలో ఏ కంపెనీ సిమ్ముకి ఎన్ని గీతలు వస్తున్నాయో చూసుకునేవాళ్ళు కొందరున్నారు. పిసినారి బుద్ధులు. మా ఇంట్లో నా ఫోనుకి సిగ్నలు డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే చక్కగా వస్తుంది. మోకాళ్ళకి కూడా మంచిది.

డబ్బు మొత్తం ఒకేసారి కట్టమాకండి. ‘జీరో వడ్డీ’ బోర్డు చూపిస్తారు, దాని కింద కూర్చోండి. 24,000 ఫోను, నెలకి 2,000, పన్నెండు నెలలు అనుకుందాం. వడ్డీ నిజంగానే సున్నా. రొక్కమిస్తే పదిహేను వందలు తగ్గించేవాళ్ళు, అది పోయింది. ప్రాసెసింగు ఫీజని వెయ్యి, దాని మీద జీఎస్టీ 180, మొదటి రోజే కట్టాం. అసలు ఏ నెలకానెల తరుగుతుంటుంది గాబట్టి, లెక్క వేస్తే నూటికి రెండు రూపాయల ధర్మవడ్డీకి పన్నెండూ పదమూడు పైసలు తక్కువ తేలుతుంది. ఎరువుల కొట్టాయన రెండు రూపాయలు రాస్తే రచ్చబండ దాకా లాగే మనం ఇక్కడ నవ్వుతూ సెల్ఫీ దిగుతాం. ఆయన కూడా కొట్టు ముందు ‘జీరో’ అని బోర్డు పెట్టుకుంటే బాగుపడతాడు.

ఫోనయ్యాక ప్లాను. నెలంటే 28 రోజులని ఒప్పుకోండి. 28ని 13తో గుణిస్తే 364. ఏడాదికి పన్నెండు నెలలు ఉన్నది కౌలుకి, పాలేరు జీతానికి. ఫోనుకి పదమూడు. 2022లో ట్రాయ్ జోక్యం చేసుకుని ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, నెలనెలా ఒకే తేదీకి వేయించుకునే ప్లాను ఒకటి ఉంచాలంది. ఉంచారు. ఎక్కడ ఉంచారో వెతకమాకండి, వేళ్ళు నొప్పెడతాయి.

రోజుకి 2 జీబీ తీసుకోండి. ఇది సాగర్ కుడికాలువ నీళ్ళ వంతు లాంటిదే. మన వంతులో తూము తియ్యకపోతే నీళ్ళు కింది చేనుకన్నా పోతాయి, ఎవరి వరికో మిరపకో ఆధారం. ఇక్కడ రాత్రి పన్నెండు కొట్టగానే మిగిలింది ఎవరికీ కాకుండా ఆవిరి. అందుకని పదకొండున్నరకి లేచి వీడియోలు చూడాలి. నేను చూస్తాను. మా అమ్మకి కూడా 2 జీబీ వేయిస్తాను. ఆమెది బొత్తాల ఫోను. మాట్లాడటానికీ మెసేజీకీ మాత్రమే పనికొచ్చే ప్యాకులు పెట్టి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పింది, మరుసటి నెలకల్లా వచ్చేశాయి. ఆ ముక్క అమ్మకి తెలియనివ్వలేదు. తెలిస్తే మిగిలిన డబ్బులు చూపించమంటుంది.

అన్నిటికన్నా విలువైన సలహా ఇప్పుడు చెబుతున్నా. ఫోనుతోపాటు నంబరు కూడా మార్చండి. కొత్త సిమ్ముకి ఆఫరుంటుంది. ఉన్న నంబరుతోనే కంపెనీ మారే వీలు దేశమంతటా 2011 జనవరి నుంచీ ఉంది. 1900కి పోర్ట్ అని కొట్టి పక్కన నంబరు రాసి పంపితే కోడ్ వస్తుంది. అందులో మజా ఏముంది? నేను పాతది పక్కన పడేశాను. 90 రోజులు వాడకపోతే ఆ నంబరు తీసేసుకోవచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఆగుతారు. నా ఖాతాలో పదిహేడుంది.

నంబరు మార్చిన ఏడాదే పత్తి కూడా వేశాను. పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటా 8,110. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర, 12 దాటితే సీసీఐ వాళ్ళు ముట్టుకోరు. నా పత్తి ఎండి వెన్నెలలా ఉంది. అయితే ఆ ఏడు నుంచే కపాస్ కిసాన్ అని యాప్ వచ్చింది. పేరు నమోదూ, సరుకు తెచ్చే రోజుకి స్లాటూ అందులోనే. నా చేతిలో 200 మెగాపిక్సెళ్ళ ఫోను, డాబా మీద రెండు గీతల సిగ్నలు. అన్నీ నింపి బటను నొక్కాను. ఓటీపీ పంపామంది. ఆధార్లో, బ్యాంకులో, ఈ-క్రాప్‌లో ఉన్నది పాత నంబరు. సరే, పోయేదేముందని ఆ నంబరుకే ఫోను చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది.

‘అమ్మా, నీకిప్పుడే ఒక మెసేజి వచ్చుద్ది, అందులో అంకెలు కాస్త చదువు తల్లీ.’

‘ఓటీపీ ఎవరికీ చెప్పకూడదంకుల్,’ అని పెట్టేసింది.

తెలివిగల పిల్ల. మళ్ళీ చేస్తే ఎత్తలేదు, నన్ను బ్లాక్ చేసిందనుకుంటా. పత్తి ముందుగదిలో ఇరవై రోజులుంది. దాని మీదే పడుకున్నాం, పరుపు ఖర్చు తప్పింది. తర్వాత ఊళ్ళోకి వచ్చిన చిల్లర వ్యాపారికి వేశాను. ఎంతకని అడగమాకండి. ఆయన మాత్రం గుప్పెడు తీసుకుని, పింజ లాగి, వెలుతురుకి పెట్టి, రెండుసార్లు చూసి గాని రేటు చెప్పలేదు.

ఇవ్వాళ పొద్దున కమీషన్ కొట్టు గుమాస్తా ఫోను చేశాడు, కోల్డ్ స్టోరేజీలో ఉన్న కాయకి బేరం వచ్చిందని. నాకు కలవక మా ఆవిడ బొత్తాల ఫోనుకి చేశాడట. ఆమె దూడని కట్టేస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రేటు మాట్లాడేసి, నాకేసి చూసి ‘డాబా దిగి రండి, మీతో పనైపోయింది’ అంది. దిగలేదు. మీకోసం ఈ సలహాలు ఇక్కడే ట్యాంకు నీడలో నా ఫోను మీదే కొడుతున్నా. ఇంకో రెండు ముఖ్యమైనవి, ఇన్సూరెన్సు గురించీ తెర మీద అంటించే గాజు గురించీ, ఉన్నాయి. నీడేమో అవతలికి జరిగింది. ఫోను బాగా వేడెక్కిందనీ, చల్లారేదాకా ఆగమనీ తెర మీద ఏదో